చదువు మందగించిననాడు: చిత్తభ్రమకు ముందు కానవచ్చే ఒక గుర్తు

చిత్తభ్రమ ఒక్కసారిగా మీద పడుతుందని లోకంలో ఒక నమ్మకం ఉన్నది. నిన్నటివరకు బాగున్న మనిషి నేడు ఎవరూ లేనిచోట మాటలు వింటాడు. తనను ఎవరో వెన్నాడుతున్నారని భయపడతాడు. ఇంటివారు నివ్వెరపోయి, ఏ గాలి సోకినదో, ఎవరి దిష్టి తగిలినదో అనుకుంటారు. కాని ఈ వ్యాధి చరిత్రను తిరగవేసి చూచినవారికి వేరొక సంగతి తోచకమానదు. ఆ మాటలు చెవిని పడుటకు చాలాకాలం ముందే, కొందరిలో కొన్ని ఏండ్లకు ముందే, బుద్ధి నడకలో ఒక మార్పు వస్తుంది. అది చప్పుడు చేయదు; ఎవరినీ భయపెట్టదు. ఆసుపత్రిలో కంటె పాఠశాలలో అది ముందుగా కానవస్తుంది. ఆ మార్పును కొలిచి, రాబోయేదానికి ఇది ఒక గుర్తు కావచ్చునని చెప్పగలుగుటకు వైద్యశాస్త్రానికి నూట ఏబది ఏండ్లకు పైగా పట్టినది. చివరకు ఆ మాట చెప్పించినది మానవుని 22వ క్రోమోజోములో పుట్టుకతో ఏర్పడే ఒక చిన్న లోటు. ఆ లోటుకూ ఈ వ్యాధికీ గల సంబంధం ఎట్లు తెలియవచ్చినదో ఇక్కడ చెప్పదలచినాను.

ఈ చరిత్ర ఫ్రాన్సు దేశంలో మొదలవుతుంది. అక్కడ మతిచలించినవారి ఆశ్రయాలలో పనిచేసిన మోరెల్ అనే వైద్యుడు 1860లో ప్రకటించిన గ్రంథంలో ఒక బాలుని వృత్తాంతాన్ని వ్రాసినాడు. ఆ బాలునికి పదమూడు, పదునాలుగేండ్ల వయస్సు. అంతవరకు చదువులో తోటివారికంటె ముందుండేవాడు. అతడు క్రమంగా ఉల్లాసం కోల్పోయినాడు, మాట తగ్గించినాడు, తండ్రిపై కారణం లేని ద్వేషం పెంచుకున్నాడు. నేర్చినదంతా నెమ్మదిగా మరచిపోసాగినాడు. ఈ స్థితికి మోరెల్ 'అకాల బుద్ధిమాంద్యం' అనదగిన పేరు పెట్టినాడు. ముసలితనంలో రావలసిన బుద్ధిక్షయం బాల్యంలోనే వచ్చినదని ఆయన భావం. ఈ వృత్తాంతంలో మనం గమనించదగినది ఒకటి ఉన్నది. మోరెల్ చిత్రించిన రోగంలో ముందువరుసలో నిలిచినవి వినికిడి భ్రమలు కావు. చదువు తగ్గుట, మాట తగ్గుట, మనుష్యులనుండి దూరమగుట. వాటిని మోరెల్ చక్కగా చూచినాడు. అయితే ఆయన దృష్టిలో ఇదంతా వంశం క్షీణించుటకు నిదర్శనం. తరతరానికీ కుటుంబాలు దిగజారి చివరకు నశిస్తాయని ఆయన 1857లోనే సిద్ధాంతం చేసి ఉన్నాడు. అందుచేత ఆ బాలుని విషయంలో ఆయనకు ఆశ లేకపోయినది. గుర్తును సరిగా చూచి, దానిని తీర్పుగా చదువుకొనుట ఈ చరిత్రలో మొదటి పొరపాటు.

మోరెల్ తరువాత ఈ విషయాన్ని వ్యవస్థీకరించినవాడు జర్మనీ దేశపు క్రేపెలిన్. ఈయన లైప్‌జిగ్ నగరంలో ప్రయోగాత్మక మనోవిజ్ఞానానికి ఆద్యుడైన వూంట్ వద్ద పనిచేసినవాడు. కనుక బుద్ధి పనిచేసే తీరును ఊహతోగాక కొలతతో తెలుసుకొనవలెనని కోరినాడు. 1893 మొదలు 1899 వరకు వెలువడిన తన పాఠ్యగ్రంథపు కూర్పులలో ఆయన ఈ వ్యాధికి 'డిమెన్షియా ప్రీకాక్స్' అనే పేరును స్థిరపరచినాడు. ఉత్సాహ విషాదాలు మారిమారి వచ్చే వ్యాధినుండి దీనిని వేరుచేసినాడు. యౌవనారంభంలో మొదలై, శ్రద్ధ, సంకల్పం, వివేకం సడలుతూ పోవుటే దీని స్వభావమని ఆయన నిర్ణయం. అనగా అప్పటికి కూడ బుద్ధి తగ్గుదలే వ్యాధికి నడుమ నిలిచి ఉన్నది.

అటుపిమ్మట చూపు మరలినది. స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరంలో వైద్యుడైన బ్లాయిలర్ 1908లో బెర్లిన్‌లో చేసిన ఉపన్యాసంలో ఈ వ్యాధికి స్కిజోఫ్రేనియా, అనగా చీలిన మనస్సు, అనే క్రొత్త పేరు ప్రతిపాదించినాడు. 1911లో దానిపై పెద్ద గ్రంథం వ్రాసినాడు. ఇది ముసలితనపు బుద్ధిక్షయం వంటిది కాదనీ, అందరూ క్షీణించిపోరనీ ఆయన చెప్పిన మాట ఎందరికో ఊరట కలిగించినది. కాని పాతపేరుతోపాటు బుద్ధి మందగించుట అనే అంశం కూడ కొంత మరుగునపడినది. 1939లో జర్మనీ దేశస్థుడే అయిన కుర్ట్ ష్నైడర్ రోగనిర్ణయానికి ముఖ్యమైనవని కొన్ని లక్షణాలను ఏర్పరచినాడు. తన పనులను వ్యాఖ్యానించే గొంతులు వినబడుట, తన ఆలోచనలను ఇతరులు ఎత్తుకొనిపోతున్నారని తోచుట మొదలైనవి అందులోనివి. వీటిని గుర్తించుట సులభం. ఏ ఊరి వైద్యుడైనా అడిగి తెలుసుకొనవచ్చును. 1952లో పారిస్ నగరంలో డిలే, డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అనే మందును ఈ రోగులకు వాడి సత్ఫలితాలను ప్రకటించినారు. ఆ మందు గొంతులను అణచినది, భయాన్ని తగ్గించినది. ఏండ్ల తరబడి గదులలో మగ్గినవారు కొందరు ఇండ్లకు చేరినారు. ఇది గొప్ప మేలు. అయితే మందు దేనిమీద పనిచేసినదో అదే వ్యాధి అనే అభిప్రాయం దానివెంట బలపడినది. గొంతులు ఆగినను చదువు సాగలేదు, ఉద్యోగం నిలువలేదు అనే కుటుంబాల మాటకు వైద్యగ్రంథాలలో చాలినంత చోటు దొరకలేదు.

ఈలోగా మరొకదారిలో బుద్ధిని కొలిచే సాధనం తయారయినది. 1905లో పారిస్‌లో బినే, సిమోన్ అనే ఇద్దరు పాఠశాల పిల్లల కొరకు మొదటి పరీక్షను రూపొందించినారు. 1912లో జర్మనీలో స్టెర్న్ 'ప్రజ్ఞాలబ్ధి' అనే లెక్కను ప్రవేశపెట్టినాడు. 1949లో అమెరికాలో వెక్స్‌లర్ పిల్లల కొరకు వెలువరించిన పరీక్షలో మాటలతో చేసే పనులకు ఒక లెక్క, చేతితో, కంటితో చేసే పనులకు మరొక లెక్క వచ్చినవి. ఈ లెక్కలో ఒక కీలకం ఉన్నది. దానిని గుర్తుంచుకొంటే ముందు రాబోయేది సులభంగా బోధపడుతుంది. ప్రజ్ఞాలబ్ధి అనునది పిల్లవాడు ఎంత నేర్చినాడని చెప్పదు. అదే వయస్సు పిల్లలలో అతడెక్కడ నిలిచినాడని చెప్పుతుంది. సగటు పిల్లవానికి నూరు అని పెట్టుకొని అందరినీ దానితో పోల్చుతారు.

కొలబద్ద ఉన్నది గనుక, చిత్తభ్రమ రాకముందు బుద్ధి ఎట్లున్నదో చూడవచ్చును గదా అని అడుగవచ్చును. చూచినారు కూడ. బ్రిటన్‌లో 1946 మార్చి నెలలో ఒక వారంలో పుట్టిన 5,362 మంది పిల్లలను పరిశోధకులు జీవితం పొడుగునా గమనిస్తూ వచ్చినారు. పీటర్ జోన్స్, ఆయన సహచరులు 1994లో ఆ పాత లెక్కలను తిరగవేసినారు. వారిలో 30 మందికి పెద్దయిన పిమ్మట స్కిజోఫ్రేనియా వచ్చినది. ఆ 30 మంది గుంపుగా చూస్తే నడక కొంచెం ఆలస్యంగా నేర్చినారు; మాటలో చిక్కులు ఎక్కువ; 8, 11, 15 ఏండ్ల వయస్సులలో పెట్టిన పరీక్షలలో మార్కులు తక్కువ. కనుక వ్యాధి వేరు బాల్యంలోనే ఉన్నదని రుజువయినది. అయినను ఏ తల్లికీ ఈ సమాచారం ఉపయోగపడదు. అయిదువేల పైచిలుకు పిల్లలలో తక్కువ మార్కులు వచ్చినవారు వందలకొలది. వారిలో వ్యాధి వచ్చినవారు ఏ కొద్దిమందో. తక్కువ మార్కులు వచ్చిన ప్రతి పిల్లవానినీ అనుమానించుట అన్యాయం, వృథా కూడ. వ్యాధి ఎవరికి రావచ్చునో ముందుగా తెలిసిన ఒక చిన్న గుంపు దొరికితేగాని ఈ ప్రశ్న తెగదు. అట్టి గుంపు అనుకోనిచోట దొరికినది. దానిని కనుగొన్నవారు మానసిక వైద్యులు కారు.

1955లో చెకొస్లొవేకియా రాజధాని ప్రాగ్ నగరంలో సెడ్లాచ్‌కోవా అనే వైద్యురాలు ముక్కుతో మాట్లాడే పిల్లలను పరీక్షిస్తూ, వారిలో కొందరికి అంగిలి పొట్టిగా ఉండుటేగాక ముఖంలో కూడ ఒక పోలిక ఉన్నదని వ్రాసినది. 1965లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో డిజార్జ్ అనే వైద్యుడు, థైమస్ గ్రంథి, పారాథైరాయిడ్ గ్రంథులు లేకుండ పుట్టిన శిశువులను గురించి చెప్పినాడు. ఆ శిశువులకు రోగాలనుండి రక్షణ తక్కువ. రక్తంలో కాల్షియం పడిపోయి మూర్ఛలు వస్తాయి. 1976లో జపాన్ వైద్యులు గుండె పెద్ద రక్తనాళాలలో పుట్టుక దోషమున్న పిల్లలకు ఒకేవిధమైన ముఖలక్షణాలున్నవని గమనించినారు. 1978లో న్యూయార్క్‌లో వాక్‌చికిత్సకుడు ష్ప్రింట్సన్, అంగిలి చీలిక, గుండె దోషం, ముఖలక్షణం, చదువులో వెనుకబాటు కలిసి ఉన్న పన్నెండుగురిని వర్ణించినాడు. నలుగురూ నాలుగు పేర్లు పెట్టినారు. మాటల వైద్యురాలు మాటను చూచినది. పిల్లల వైద్యుడు గ్రంథులను చూచినాడు. హృదయ వైద్యులు గుండెను చూచినారు. గ్రుడ్డివారు ఏనుగును తడిమిన కథ మనకు తెలిసినదే. అయితే ఇక్కడ తడిమినవారెవరూ తప్పు చెప్పలేదు. తడిమిన ఏనుగు ఒక్కటేనని వారికి తెలియదు.

ఆ సంగతి తెలియుటకు క్రోమోజోములను చూచే విద్య పెరుగవలసి వచ్చినది. మానవకణంలో 46 క్రోమోజోములున్నవని సరిగా లెక్కపెట్టినదే 1956లో. 1981లో ఫిన్లండులో డి లా షపెల్, ఆయన తోటివారు డిజార్జ్ చెప్పిన జబ్బున్న ఒక కుటుంబాన్ని పరీక్షించి, దోషం 22వ క్రోమోజోములో ఉండవచ్చునని సూచించినారు. మరుసటి ఏటనే ఫిలడెల్ఫియా వైద్యులు దానిని బలపరచినారు. 1990 తరువాత, మెరిసే రసాయనపు గుర్తులను అంటించి క్రోమోజోములోని చిన్నముక్కలను చూచే పద్ధతి చేతికి వచ్చినది. దానితో 1992 నాటికి డిజార్జ్ రోగులలోను, ష్ప్రింట్సన్ రోగులలోను తెగిపోయినది ఒకే ముక్క అని తేలినది. 22వ క్రోమోజోము పొడుగుచేతిలో, నడుముకు దగ్గరగా, సాధారణంగా ముప్పది లక్షల అక్షరాల పొడవున ఒక ముక్క లోపిస్తుంది. అందులో నలుబది, ఏబది జన్యువులు పోతాయి. ఆ తావుకు అటూ ఇటూ ఒకేవిధంగా ఉండే వరుసలున్నవి. బీజకణాలు తయారయ్యేటప్పుడు ఆ వరుసలు ఒకదానికొకటి పొరపాటున జతపడి మధ్యముక్క జారిపోతుంది. ఇది పదింట తొమ్మిదిమందిలో తల్లిదండ్రులకు లేకుండ క్రొత్తగా సంభవించేదే. దీనికి ఎవరి నడవడికా కారణం కాదు. పుట్టే పిల్లలలో సుమారు రెండువేలనుండి నాలుగువేల మందికి ఒకరు ఈ లోటుతో పుడతారు. లోటు ఉన్నవారికి బిడ్డలు కలిగితే ప్రతి కాన్పులోను సగం పాళ్లు అది సంక్రమించే అవకాశమున్నది.

గుండె శస్త్రచికిత్సలు మెరుగుపడినకొద్దీ ఈ పిల్లలు బ్రతికి పెద్దవారయినారు. పెద్దవారయిన పిమ్మట మరొక సంగతి బయటపడినది. తాను చిన్ననాటినుండి చూస్తూ వచ్చినవారిలో కొందరికి యౌవనంలో చిత్తభ్రమ వస్తున్నదని ష్ప్రింట్సన్ 1992లో తన సహచరులతో కలిసి తెలియజేసినాడు. 1995లో కారయోర్గూ అనే పరిశోధకురాలు, ఆమె తోటివారు ఎదురుదిక్కునుండి వచ్చినారు. వారు స్కిజోఫ్రేనియా ఉన్న నూరుగురిని పరీక్షించగా ఇద్దరిలో ఈ ముక్క లోపించినట్లు కనబడినది. ఇద్దరే అయినను, సామాన్యజనంలో ఉండదగిన సంఖ్యకు అది ఎన్నో రెట్లు. 1999లో బ్రిటన్‌లో మర్ఫీ, జోన్స్, ఓవెన్ అనే వైద్యులు ఈ లోటున్న 50 మంది పెద్దలను పరిశీలించగా 15 మందికి, అనగా నూటికి 30 మందికి, చిత్తభ్రమ ఉన్నట్లు తేలినది. 2014లో పలుదేశాల పరిశోధకులు 1,402 మందిని కలిపి లెక్కించగా, ఇరువది అయిదేండ్లు దాటినవారిలో నూటికి 41 మందికి స్కిజోఫ్రేనియా కోవకు చెందిన వ్యాధులున్నవి. సామాన్యజనంలో ఇది సుమారు నూటికి ఒకరికి వచ్చే వ్యాధి. జాతి అంతటిలో స్కిజోఫ్రేనియా ఉన్నవారిని తీసుకొంటే ఈ లోటు వారిలో బహుస్వల్పభాగానికే కారణం. కాని లోటు ఉన్నవారిని తీసుకొంటే అపాయం ఇంత పెద్దది.

1946 నాటి బ్రిటిష్ పిల్లలలో దొరకని అవకాశం ఇక్కడ దొరికినది. లోటు శైశవంలోనే, తరచు గుండెజబ్బు మూలంగా, తెలిసిపోతుంది. రాబోయే అపాయం ఏ వయస్సులో ఎంతపాళ్లో తెలియును. ఇక నడుమనున్న పదిహేను ఇరువది ఏండ్లలో బుద్ధి ఎట్లు నడిచినదో కొలుచుకొంటూ పోవుటే మిగిలినది. అట్లు కొలిచినవారిలో గోతెల్ఫ్ అనే మానసిక వైద్యుడు, ఆయన సహచరులు ముందువారు. లోటున్న పిల్లలను, వేరే కారణాలచేత చదువులో వెనుకబడిన పిల్లలను పక్కపక్కన ఉంచి, కొన్ని ఏండ్ల తరువాత మరల పరీక్షించి, 2005లో ఫలితాలను ప్రకటించినారు. లోటున్నవారిలో కొందరికి మాటలకు సంబంధించిన ప్రజ్ఞాలబ్ధి తగ్గినది. ఆ తగ్గుదలకూ చిత్తభ్రమకూ సంబంధమున్నది. రెండవ గుంపులో అటువంటిది కానరాలేదు. కనుక వెనుకబాటు ఒకటి, జారిపోవుట మరొకటి అని తేలినది.

పదేండ్ల తరువాత ఇది పెద్దఎత్తున స్థిరపడినది. నెదర్లాండ్సుకు చెందిన ఫోర్స్ట్‌మన్, మరి పలుదేశాల వైద్యులు కలిసి 829 మంది వివరాలను కూర్చినారు. వారిలో 411 మందికి ఒకటికంటె ఎక్కువసార్లు పెట్టిన పరీక్షల లెక్కలు దొరికినవి. 2015లో ప్రకటించిన ఆ పరిశోధనవలన మూడు సంగతులు తెలిసినవి. మొదటిది: ఈ లోటున్న పిల్లలందరిలోను 8వ ఏటినుండి 24వ ఏటివరకు ప్రజ్ఞాలబ్ధి సగటున సుమారు 7 అంకెలు తగ్గుతుంది, మాటలకు సంబంధించిన భాగంలో 9 అంకెలు తగ్గుతుంది. రెండవది: ముందుముందు చిత్తభ్రమ వచ్చినవారిలో ఈ తగ్గుదల ఇంతకంటె నిటారుగా ఉన్నది, ముఖ్యంగా మాటల భాగంలో. మూడవది: రెండు దారులు విడిపోవుట పదకొండవ ఏటినుండియే కనబడినది. చిత్తభ్రమ సాధారణంగా బయటపడే వయస్సు పదునెనిమిది, ఇరువది. కనుక గుర్తుకూ వ్యాధికీ నడుమ ఎన్నో ఏండ్ల వ్యవధి ఉన్నది. మాటల భాగమే తగ్గుటలో ఒక విశేషం కూడ ఉన్నది. ఈ పిల్లలు చిన్నతనంలో లెక్కలలోను, దిక్కులూ ఆకారాలూ గుర్తించుటలోను తడబడినను, మాటలలో కొంత మెరుగుగానే ఉంటారు. ఉన్న బలమే సడలినదన్నమాట.

ఇక్కడ ఒక అపార్థాన్ని తొలగించవలసి ఉన్నది. అంకె తగ్గినదంటే, నేర్చినది మరచిపోయినాడని అర్థం కాదు. ప్రజ్ఞాలబ్ధి తోటివారితో పోల్చి చెప్పే లెక్క అని ముందే చెప్పినాను. పదేండ్ల వయస్సు దాటినకొద్దీ పాఠాలు బరువెక్కుతాయి. కనబడే వస్తువులను విడిచి కనబడని భావాలను పట్టుకొనవలసి వస్తుంది. తోటిపిల్లలు పరుగెత్తుతారు, లోటున్న పిల్లవాడు నడుస్తూనే ఉంటాడు. అతడు ముందుకే పోతున్నాడు, కాని దూరం పెరుగుతున్నది. సగటున కనబడే ఆ ఏడు అంకెల తగ్గుదలలో చాలభాగం ఇదే కావచ్చును. దానిని చూచి బెదరిపోనక్కరలేదు. జాగ్రత్తపడవలసినది అంతకు మించిన పతనాన్ని చూచినప్పుడు: నిన్న వివరంగా కథ చెప్పిన పిల్లవాడు నేడు రెండు మాటలతో ముగించుట, చదివిన పుటలోని సంగతి పట్టుకొనలేకపోవుట, స్నేహితులను విడిచి గదిలో ఒంటరిగా కూర్చుండుట. అతనిని ఇతరులతో గాక, ఏడాది క్రిందటి అతనితోనే పోల్చి చూడవలెను. ఈ పోలిక వైద్యునికంటె ఇంటివారికి, ఉపాధ్యాయునికి సులభం.

పతనం కనబడిననాడు కూడ తొందరపడి ఒకే అర్థం చెప్పరాదు. ఈ లోటున్నవారికి పారాథైరాయిడ్ గ్రంథుల దౌర్బల్యంచేత కాల్షియం తగ్గిపోవచ్చును. అట్లు తగ్గినప్పుడు అలసట, చికాకు, మందకొడితనం, మూర్ఛ రావచ్చును. రక్తపరీక్షతో తెలుసుకొని సరిచేయవచ్చును. థైరాయిడ్ లోపం, చెవిపోటుతో వచ్చిన వినికిడి తక్కువ, నిద్రలో ఊపిరి ఆడకపోవుట, గుర్తింపబడని మూర్ఛ కూడ చదువును కుంటుపరచగలవు. అధైర్యం, ఆందోళన ఈ పిల్లలలో చిన్ననాటినుండి ఎక్కువ. తోటివారు మాటను, ముఖాన్ని ఎగతాళి చేసిన దుఃఖం కూడ ఉండవచ్చును. వీటన్నిటినీ ముందు వెదకి చక్కబరచుట వైద్యుని మొదటిపని. గుర్తు యొక్క ప్రయోజనం భవిష్యత్తును చెప్పుటలో కంటె, పిల్లవానిని ఆ రోజున జాగ్రత్తగా పరీక్షింపజేయుటలో ఎక్కువగా ఉన్నది.

ఇక చిత్తభ్రమను రాకుండ నిలిపివేసే మందు ఉన్నదా అంటే, అట్లని రుజువైన మందు లేదు. కనుక బుద్ధి తగ్గినదని మాత్రమే చూచి చిత్తభ్రమ మందులు మింగించుట తగదు. మరి తెలిసి లాభమేమి? లాభమున్నది. గొంతులు వినబడిననాటినుండి చికిత్స మొదలయ్యేవరకు గడిచే కాలం ఎంత తగ్గితే ఫలితం అంత మేలుగా ఉండునని పలుదేశాల అనుభవం. కనిపెట్టి చూస్తున్న ఇంటిలో ఆ కాలం వారాలకు పరిమితమవుతుంది. చూడని ఇంటిలో ఏండ్లు గడుస్తాయి. వ్యాధి వచ్చినను వాడుకలోనున్న మందులే వీరికి కూడ పనిచేస్తాయి. అయితే కాల్షియం సంగతి, మూర్ఛల సంగతి, గుండె సంగతి తెలిసి మందు మోతాదును మెల్లగా పెంచవలెను. లోటు ఉన్నదని తెలియని వైద్యుడు ఈ జాగ్రత్తలు తీసుకొనలేడు. 2011లో అంతర్జాతీయ నిపుణులు ఈ లోటున్నవారి సంరక్షణకు సూచనలు ప్రకటించి, 2023లో పిల్లలకు వేరుగా, పెద్దలకు వేరుగా వాటిని సవరించినారు. కాల్షియం, థైరాయిడ్ పరీక్షలు, బుద్ధిపరీక్షలు, మానసిక స్థితిని గమనించుట పెరిగే వయస్సంతటా కొనసాగవలెనని వాటి సారాంశం.

మన ఇండ్లలో ఈ విషయం ఒక ప్రత్యేక రూపం తాలుస్తుంది. మార్కులు తగ్గితే మనం ముందుగా అనేమాట సోమరితనం. ట్యూషను పెట్టిస్తాము, పక్కింటి అబ్బాయిని చూపి ఎత్తిపొడుస్తాము, కొందరు చేయి చేసుకుంటారు కూడ. అంగిలి చీలికకో, గుండె రంధ్రానికో శైశవంలో శస్త్రచికిత్స జరిగిన బిడ్డ విషయంలో ఈ తొందర మరీ తగదు. శస్త్రచికిత్సతో కథ ముగిసినదని అనుకొనుట సహజం. కాని ముక్కుతో మాట, పుట్టుకతో గుండెదోషం, చిన్ననాడు కాల్షియం తగ్గి వచ్చిన మూర్ఛ, చదువులో వెనుకబాటు: ఇవి ఒకే బిడ్డలో కలిసి కనబడినప్పుడు 22వ క్రోమోజోము పరీక్ష చేయించవలెనా అని వైద్యుని అడుగుట మంచిది. ఇది రక్తపరీక్షతో తెలిసేది. ఆ పరీక్ష ఫలితం ఎవరినీ నిందించదు. ఏ వంశానికీ మచ్చ తేదు. పిల్లవానికి తగిన పాఠాన్ని తగిన వేగంతో చెప్పుటకూ, మోయలేని బరువు అతని నెత్తిన పెట్టకుండుటకూ అది తోడ్పడుతుంది. నిద్ర, నెమ్మది, ఒక మంచి స్నేహం, ఎగతాళిలేని తరగతి అనేవి ఏ బిడ్డకైనా మేలు చేస్తాయి. గంజాయి వంటి మత్తుపదార్థాలు చిత్తభ్రమను త్వరపరచగలవు గనుక వాటినుండి దూరంగా ఉంచుట ఈ బిడ్డలకు మరింత అవసరం.

2014 నాటి లెక్కలోని అంకెను మరొకవైపునుండి కూడ చదువవలెను. నూటికి 41 మందికి వ్యాధి వచ్చినదంటే 59 మందికి రాలేదు. ఒకే ముక్క పోయినవారిలో కొందరు కళాశాలకు వెళ్లినారు, కొందరు చేతిపనులు నేర్చి జీవిస్తున్నారు, కొందరు తల్లిదండ్రులయినారు. లోటు ఒకటే అయినను నడకలు వేరు. వంశం చెడినది, ఇక చేయగలిగినది లేదు అనే మోరెల్ మాటకు ఇంతకంటె సమాధానం అక్కరలేదు. ఆయన ఆ బాలునిలో చూచిన మార్పు నిజమే. ఆ మార్పును ఇప్పుడు కొలవగలుగుచున్నాము. ఎవరిలో వెదకవలెనో తెలిసినది. దానికి తీర్పు అనే పేరు తీసివేసి హెచ్చరిక అనే పేరు పెట్టగలిగినాము. హెచ్చరికకు విలువ వినేవారిని బట్టి ఉంటుంది. దానిని మొదట వినగలవారు, ప్రతిదినమూ ఆ బిడ్డతో మాట్లాడేవారే.